చిక్కుడు పందిరికి మిర్చితోట మందా?

చలి మొదలైతే ఖమ్మం జిల్లా మధిరలో చిక్కుడు పందిళ్లు పూతకొస్తాయి. పూత వెనకే పేనుబంక. కాడలు నల్లగా కమ్ముకుపోయేసరికి ఇంటాయన పురుగుమందుల దుకాణానికి బయల్దేరతాడు. చాలా ఇళ్లలో ఆ శ్రమ కూడా అక్కర్లేదు, మిర్చితోటకు కొట్టగా మిగిలిన సీసా కొట్టంలో ఉండనే ఉంటుంది. కొలత మూతతో. బకెట్టు నీళ్లకు రెండు మూతలు, గట్టిగా పనిచేయాలంటే మూడు. మూడోనాడు ఆ పందిరి కాయలే కూరలోకి. ఈ వారం మంటంతా ఆ మూడో మూత మీదే.

మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని లేబుల్ మీద రాసి ఉంటుంది. బెండకాయను రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిపోతుంది, ఇక ఆగేదెక్కడ? మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడొద్దని కేంద్రం 2005లోనే చెప్పింది. 2013లో బిహార్‌లోని ఛప్రా దగ్గర బడి భోజనంలో కలిసి 23 మంది పిల్లల ప్రాణం తీసింది ఆ మందే. అయినా దాన్ని దశలవారీగా ఆపేయాలన్న ఉత్తర్వు 2023 దాకా రాలేదు.

ఇదంతా ఎక్కడో జరిగితే సరే అనుకోవచ్చు. దేశానికి పురుగుమందుల్లేని సేద్యం నేర్పింది ఉమ్మడి ఖమ్మం జిల్లాయే! పాల్వంచ దగ్గరి పునుకుల రైతులు పత్తి, మిర్చి వేస్తూనే 2003 నాటికి రసాయన మందులు మానేశారు. తర్వాత మహిళా సంఘాల ద్వారా ఊరూరా తిరిగింది ఆ పద్ధతే. మధిరలో సాక్షాత్తూ వ్యవసాయ పరిశోధన స్థానమే ఉంది. మధిర పెసర, మధిర మినుము పేర్లు రైతులకు కొత్తవి కావు. పెరటి మొక్కకు మాత్రం డాక్టరు దుకాణం కౌంటరు వెనకున్న కుర్రాడే.

పేనుబంక అంత మొండిదేం కాదు. గట్టిగా నీళ్లు కొడితే సగం రాలిపోతుంది, కిక్కిరిసిన చిగుళ్లు తుంచి పారేస్తే మరికొంత పోతుంది. చూడాల్సింది చీమల్ని. పేనుబంక కార్చే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, తినడానికొచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. పందిరి గుంజల మీద చీమల దారి మూస్తే పని సగం అయినట్టే. ఇక్కడే ఓ తిరకాసు ఉంది. వంగ ఆకును జల్లెడలా గీకేసే పురుగు కూడా అక్షింతల పురుగులాగే చుక్కలతో ఉంటుంది. 28 చుక్కలతో, నూగుతో, మెరుపు లేకుండా ఉండేది ఆకు తినేది. నున్నగా మెరిసేది పేనుబంకను తినేది. మందు సీసాకు ఈ తేడా తెలియదు, రెంటినీ చంపుతుంది. వంగలో తల వాల్చిన కొమ్మ కనిపిస్తే లోపల పురుగున్నట్టు. వాడిన చోటుకు కాస్త కిందికి తుంచి కాల్చేస్తే సరి. దానికి కత్తెర చాలు.

ఇక వేప సంగతి. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి గుడ్డలో మూటగట్టి పొద్దున్నే నానేస్తే సాయంత్రానికి కషాయం సిద్ధం. పిండి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి కొట్టాలి. ఎండకు గుణం పోతుంది కాబట్టే సాయంత్రం. పురుగు అప్పటికప్పుడు చచ్చిపడదు, తిండి మానేస్తుంది, కుబుసం విడవలేక పోతుంది. ఆ నాలుగు రోజులు ఓపిక పట్టలేకే మనవాళ్లు సీసా మూత తిప్పుతారు. వేపనూనెతో శిలీంధ్రాల్ని అదుపుచేసే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి ఐరోపాలో పేటెంటు తెచ్చుకుంటే, దాన్ని రద్దు చేయించడానికి 2005 దాకా పోరాటం నడిచింది. అంత పోరాడి నిలబెట్టుకున్న గింజ జూన్, జూలైలో మన వీధుల్లో రాలి, చెత్తబండి ఎక్కుతుంది. ఆ ఇంటివాళ్లే తర్వాత సీసాలో వేపనూనె కొనుక్కుంటారు. 2021లో తేయాకు దోమ, శిలీంధ్రం కలిసి తెలంగాణలో వేపచెట్ల చిగుళ్లు మాడ్చినప్పుడు అందరూ గుండెలు బాదుకున్నారు. రోడ్డు వెడల్పు పేరిట నిలువెత్తు వేపలు నరికినప్పుడు ఆ బాధ ఏమైందో!

నీడ, పండు ఇచ్చే చెట్లు తగ్గాక కోతులు ఇళ్ల మీదికి రావడంలో వింతేముంది? పేనుబంకకు కషాయం ఉంది, కోతికి ఏముంది? ఆకు పురుగు నాలుగు ఆకులు తింటుంది, కోతి పందిరి పందిరే లాగేస్తుంది. కోతుల సంరక్షణ, కుటుంబ నియంత్రణ కేంద్రాన్ని ప్రభుత్వం 2020లో ప్రారంభించింది నిర్మల్ దగ్గర చించోలిలో. మధిరకు అది రాష్ట్రం ఆ చివర. ఖమ్మం, భద్రాద్రి అడవి అంచు ఊళ్లకు దగ్గర్లో అలాంటిదొకటి పెట్టమని అడిగే నాయకుడు కావాలి. లేకపోతే జనం బీర, సొర గింజలు నాటడం మానేసి గుమ్మం ముందు క్రోటన్ల కుండీలు పెట్టుకుంటారు, కూరగాయలు సంతలో కొంటారు. వాటి మీద ఎన్ని మూతలు పడ్డాయో అమ్మేవాళ్లకూ తెలియదు.