అద్దమే కదా అని తీసిపారేయకండి

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కొంతమందికి ఓ సరదా ఉంది. పాతకాలం వీడియోగేమ్ బల్ల ఇంట్లోనే తయారుచేసుకోవడం. 1978లో టైటో వాళ్ళ స్పేస్ ఇన్వేడర్స్ వచ్చాక జపాన్ కాఫీ హోటళ్ళలో కనబడేదే, అటొకరు ఇటొకరు కూర్చుని కిందకి చూస్తూ ఆడే బల్ల, అదన్నమాట. మంచి పిచ్చే, నాకూ ఉంది. 2016లో మండలమైన మా దంతాలపల్లిలో, మా ఇంటి వరండాలో ఉన్నది నేను చేసిందే. నా గొడవంతా అద్దం గురించి.

రాస్ప్‌బెర్రీ పై ఏ మోడల్ కొనాలా అని వారం రోజులు కొట్టుకుంటారు. జాయ్‌స్టిక్ టిక్కుమనే చప్పుడు మీద థీసిస్ రాయగలరు. తీరా అద్దం దగ్గరికొచ్చేసరికి "వీధి చివర షాపులో ఓ ముక్క కోయిస్తే పోలా?" అంటారు. పోదు బాబూ! ఆ బల్ల దగ్గర కూర్చునేది పిల్లలు. ఓడితే గుద్దుతారు, గెలిస్తే ఇంకా గట్టిగా గుద్దుతారు. మా అక్క కూతురైతే ఏకంగా ఎక్కి కూర్చుంటుంది. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పొడుగు ముక్కలొస్తాయి, సరిగ్గా మోచేతుల కింద.

ఒక షాపాయన నాకు ధైర్యం చెప్పాడు: "రెండు సూతుల అద్దమేస్త సారూ, ఏనుగెక్కినా పల్గది." రెండు సూతులంటే సుమారు 6 మిల్లీమీటర్లు. మందం వేరు, టఫెన్ చేయడం వేరు. ఈ తేడా ఆయనకి తెలియకపోతే పోనీ అనుకోవచ్చు, ఇంజినీరింగ్ చదివిన మనకేమైంది? అద్దాన్ని 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర నొక్కుకుపోయి, లోపలి భాగం లాగుడులో ఉండిపోతుంది. అందుకే అదే మందం మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు బలం. పగిలినా పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. ఒక్కటే తిరకాసు: టఫెన్ అయ్యాక కోయలేరు, చిల్లు పెట్టలేరు. కంపైలైన బైనరీ లాంటిదనుకోండి :) కొలతలు, మూలల గుండ్రం, అంచుల పాలిష్ అన్నీ ముందే తేల్చుకోవాలి. అంచులే దాని బలహీనత, అక్కడ దెబ్బ తగిలితే మొత్తం పోతుంది.

ఇచ్చింది టఫెన్డేనా అని అనుమానమా? ఎల్‌సీడీ మానిటర్ మీద తెల్ల స్క్రీన్ పెట్టి, పైన అద్దం పరిచి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలతో చూడండి. తల కాస్త అటూ ఇటూ వంచితే స్క్రీన్ నల్లబడుతుంది. అప్పుడు అద్దంలో మచ్చలో చారలో మెరిస్తే టఫెన్డ్. ఏమీ లేకపోతే షాపాయన్ని నిలదీయండి. ఐఎస్ 2553 ముద్ర ఓ మూలన ఉంటే ఇంకా మంచిది.

ఇక యాక్రిలిక్ భక్తులు. తేలికే, ఒప్పుకుంటా. అద్దం బరువులో సగం కూడా ఉండదు. కానీ స్టీలు గ్లాసు జరిపితే గీత పడుతుంది, తుడిస్తే దుమ్ము లాక్కుంటుంది, మూడడుగుల వెడల్పున మధ్యలో కుంగుతుంది. మా ఊళ్ళో దుమ్ముకి ఆరు నెలల్లో అది కిటికీకి కూడా పనికిరాదు.

రంగు అద్దం వేయమనేవాళ్ళు ఇంకో రకం. అది పాత పిక్చర్ ట్యూబుల కాలం ముచ్చట. ఎల్‌సీడీ మీద వేస్తే ఉన్న వెలుతురూ పోతుంది. ఆ డబ్బుతో ఐపీఎస్ ప్యానెల్ కొనండి, టీఎన్ అయితే ఎదురుగా కూర్చున్నవాడికి రంగులు తిరగబడతాయి.

మూడడుగులు, రెండడుగుల 6 మిల్లీమీటర్ల పలక 8 కిలోల పైచిలుకు తూగుతుంది. ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి, కింద రబ్బరు ముక్కలు తప్పనిసరి. ఖర్చెక్కువంటారా? బటన్లలో పెట్టిన ఆ రంగురంగుల లైట్లు పీకేయండి, సరిపోతుంది.