నేర్పేవాడికి పరీక్ష ఏది?

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించాలంటే డీఎడ్ చదవాలి. ఆ తర్వాత టెట్ గట్టెక్కాలి. ఆ తర్వాత డీఎస్సీ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడాలి. మంచిదే, పిల్లల భవిష్యత్తు గనుక పరీక్ష ఉండాల్సిందే. మరి పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతికి స్టీరింగ్ ఇచ్చి నడిరోడ్డు మీదికి తీసుకుపోయే మనిషికి ఏ పరీక్ష ఉంది? అతనికి నేర్పడం వచ్చో రాదో తేల్చేది ఎవరు? నేర్చుకునేవాడికి ఎల్ఎల్ఆర్ పరీక్ష, ఆపైన ట్రాక్ మీద పరీక్ష. నేర్పేవాడికి మాత్రం కాగితాలు చాలు! ఇదీ మన పాలకుల రోడ్డు భద్రత.

మండపేటనే తీసుకుందాం. రైసుమిల్లులు, కోళ్ల ఫారాల మీద బతికే ఊరు. ధాన్యం లారీలు, గుడ్ల వ్యాన్లు, ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, కాలేజీ బస్సులు, ఆటోలు అన్నీ ఒకే రోడ్డు మీద. ఆలమూరు వైపు పోయినా, ద్వారపూడి వైపు పోయినా, రామచంద్రపురం వైపు పోయినా డెల్టా రోడ్లే. డెల్టాలో రోడ్డంటే చాలాచోట్ల కాలువ గట్టే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేను. ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రం ఎంతవరకు దించాలో, ఎక్కడ అసలు దించకూడదో తెలియాలి. అది పుస్తకంలో దొరకదు. పక్క సీట్లో కూచున్నవాడు చెప్పాలి. చెప్పడం వచ్చినవాడు చెప్పాలి.

ఒక్క 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. ప్రతి చావు తర్వాతా డ్రైవర్ నిర్లక్ష్యం అని రాసి ఫైలు మూసేస్తారు. ఆ డ్రైవర్‌కు నేర్పింది ఎవరని ఒక్కరూ అడగరు.

చట్టం ఏమంటోంది? డ్రైవింగ్ స్కూళ్ల సంగతి 1988 మోటారు వాహనాల చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. నేర్పేవాడి అర్హతలు 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 24వ దానిలో ఉన్నాయి. పదో తరగతి పాస్ కావాలి. ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం ఉండాలి. ప్రభుత్వ సంస్థ నుంచో, గుర్తింపు ఉన్న సంస్థ నుంచో మోటారు మెకానిక్ సర్టిఫికెట్ తేవాలి. ట్రాఫిక్ గుర్తులు క్షుణ్ణంగా తెలియాలి. బండి భాగాలు ఎలా పనిచేస్తాయో చూపించి వివరించగలగాలి. ఇంగ్లీషో, స్థానిక భాషో తగినంత రావాలి.

చివరి మూడూ మళ్లీ చదవండి. తెలియడం, వివరించడం, భాష. అసలు నేర్పడమంటే ఈ మూడే. వీటిని కొలిచేది ఎవరు? ఏ ప్రశ్నపత్రంతో? ఎన్ని మార్కులకు? నిబంధన నోరు విప్పదు. కొలిచే పరీక్ష లేనప్పుడు చివరికి మిగిలేవి ఫైల్లో పెట్టగలిగినవే. పదో తరగతి మెమో, లైసెన్సు నకలు, ఐటీఐ సర్టిఫికెట్. ఐదేళ్ల అనుభవం అన్నదీ అంతే. బీరువాలో దాచుకున్న లైసెన్సుకూ ఐదేళ్లు నిండుతాయి!

ఫైల్లో పేరు ఒకరిది, పక్క సీట్లో మనిషి ఇంకొకరు అయితే పట్టుకునే దారేది? కారు నేర్పడానికి 21 రోజులకు తగ్గకూడదు, బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు, ఆ గంటలు ఫారం 15లో రాయాలి అని నిబంధనలు చెబుతున్నాయి. మిత్రులారా, మనలో ఎంతమందికి నిండుగా పది గంటలు స్టీరింగ్ దొరికింది? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మేం ఏ ఒక్క స్కూలునో వేలెత్తి చూపడం లేదు. కంత నిబంధనలోనే ఉంది.

ఈ కాగితాల గేటు దగ్గర ఆగిపోతున్నది ఎవరు? ముప్పై ఏళ్లు లారీ తోలినవాడు. గల్ఫ్‌లో పదిహేనేళ్లు బండి నడిపి ఊరికి తిరిగొచ్చినవాడు. పదో తరగతి తప్పాడు గనుక పనికిరాడు. రవాణా వాహనం నడపడానికి ఎనిమిదో తరగతి కూడా అక్కర్లేదని 2019లో కేంద్రమే ఆ షరతు ఎత్తేసింది. చదువులేని పేదలకు పని దొరుకుతుందని చెప్పింది. సంతోషం. ఆ డ్రైవరే జీవితమంతా తోలి, రేపు నలుగురికి నేర్పుతానంటే మాత్రం గుమ్మంలోనే ఆపుతారా? పరీక్ష పెట్టండి, పనితనం చూడండి. రాకపోతే పంపేయండి. పరీక్షే పెట్టకుండా పనికిరావనడం ఏం న్యాయం?

పరీక్ష పెట్టడం చేతకాని పనేం కాదు. బ్రిటన్‌లో డబ్బు తీసుకుని కారు నేర్పాలంటే 1970 నుంచి ప్రభుత్వ జాబితాలో పేరు ఉండి తీరాలి. పేరు ఎక్కాలంటే మూడు పరీక్షలు. మొదటిది రోడ్డు నియమాలు, ప్రమాదాన్ని ముందే పసిగట్టడం. రెండోది నడపడం. మూడోది నేర్పడం. 2017 డిసెంబరు నుంచి మూడో పరీక్షలో అభ్యర్థి నిజంగా నేర్చుకుంటున్న విద్యార్థికే పాఠం చెప్పాలి. పరీక్షాధికారి పక్కనుండి చూస్తాడు. పాసయ్యాక కూడా నాలుగేళ్లలో ఒక్కసారైనా వచ్చి పాఠం ఎలా చెబుతున్నాడో చూస్తారు. వాళ్లు చూసేది మెమో కాదు, పాఠం.

మన పాలకులు ఏం చేశారు? 2021 జూన్‌లో గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నిబంధనలు తెచ్చారు. జూలై 1 నుంచి అమలన్నారు. కారుకు 29 గంటల శిక్షణ, సిమ్యులేటర్లు, ట్రాకులు. బాగానే ఉంది. కానీ చిన్న బండ్ల కేంద్రానికి ఎకరం, భారీ వాహనాల కేంద్రానికి రెండెకరాలు ఉండాలట. డెల్టాలో రెండు పంటలు పండే ఎకరం ఎంత పలుకుతుందో మండపేట సెంటర్లో ఎవరినడిగినా చెబుతారు. ఇది డ్రైవర్ కొడుకు పెట్టగలిగే కేంద్రమా? నేర్పేవాడి అర్హతేమో పన్నెండో తరగతికి ఎక్కింది. అంటే మళ్లీ కాగితమే పెరిగింది. పైగా అక్కడ పాసైనవాడికి ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు. నేర్పేదీ వాళ్లే, పాస్ చేసేదీ వాళ్లే! మనం పరీక్ష అడిగితే వాళ్లు ఎకరాలు అడిగారు.

పరీక్ష పెడితే ఇంకో దళారీ పుడతాడని కొందరంటారు. నిజమే, గుట్టుగా పెడితే పుడతాడు. అందుకే బహిరంగంగా పెట్టమంటున్నాం. చిన్న స్కూళ్ల పొట్ట కొడతారా అని ఇంకొందరు అడుగుతారు. కొట్టక్కర్లేదు. 1989లో ఈ నిబంధనలు రాసినవాళ్లే, అప్పటికి ఐదేళ్లుగా నేర్పుతున్నవాళ్లకు పదో తరగతి షరతు సడలించారు. అప్పుడు కుదిరింది ఇప్పుడు ఎందుకు కుదరదు?

2014లో రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్ 4న మండపేటను తూర్పు గోదావరి నుంచి తీసి కోనసీమ జిల్లాలో కలిపారు. రాష్ట్రాల గీతలు మారాయి, జిల్లాల గీతలు మారాయి. పక్క సీటు నిబంధన మాత్రం కదల్లేదు. రాసేది ఢిల్లీ గనుక మాకేం సంబంధమని రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ చేతులు దులుపుకుంటే కుదరదు. స్కూలుకు లైసెన్సు ఇచ్చేది, తనిఖీ చేసేది, రద్దు చేసేది వాళ్లే.

మా డిమాండ్లు నాలుగే. ఒకటి, నేర్పడంలో పరీక్ష పెట్టాలి. తెలుగులో పెట్టాలి, జిల్లా కేంద్రంలో పెట్టాలి, పాఠం మొత్తం కెమెరాలో రికార్డు కావాలి. రెండు, పదేళ్లు పైబడి బండి నడిపినవాళ్లకు పదో తరగతి షరతు సడలించాలి, రాయలేనివాళ్లను నోటితో అడగాలి. ఆర్టీసీలో రిటైరైన డ్రైవర్లను పిలిచి అవకాశమివ్వాలి. మూడు, కారు నేర్చుకునే ఆడపిల్లలు పెరుగుతున్నారు గనుక నేర్పే మహిళలకు ప్రభుత్వ ఖర్చుతో శిక్షణ ఇవ్వాలి. నాలుగు, పాసైనవాళ్ల పేరు, ఫొటో ప్రతి డ్రైవింగ్ స్కూలు గోడ మీద ఉండాలి. గోడ మీద మనిషే సీట్లో ఉండాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా, రేపు మీరో మీ పిల్లలో ఎల్ బోర్డు కారు ఎక్కుతారు. ఎక్కేముందు ఒక్క మాట అడగండి. అయ్యా, నేర్పడానికి మీరే పరీక్ష పాసయ్యారు? జవాబు చెప్పలేకపోతే తప్పు ఆయనది కాదు. ఆ పరీక్ష పెట్టని ప్రభుత్వానిది. అదే ప్రశ్న పట్టుకుని రవాణా శాఖ గుమ్మానికి పోదాం పదండి.