కుక్కకు అంగీ ఎందుకంటే...

ఆపరేషన్ అయిన కుక్కకు పాత బనియన్ తొడిగి వాకిట్లోకి తీసుకొస్తే చూసినవాళ్లకు ముందు నవ్వొస్తుంది. "ఏం అక్కా, కుక్కకు గూడ అంగీ కుట్టినవా?" అని అడుగుతారు. మా కాజీపేటలో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అడిగినవాళ్ల మీద కోపమేమీ లేదు. పుట్టినరోజు ఫొటోల కోసం కుక్కలకు ఫ్రాకులు, కళ్లజోళ్లు పెట్టే వీడియోలు చూసీ చూసీ, కుక్క ఒంటి మీద గుడ్డ కనిపిస్తే అదంతా ముద్దు చేయడమే అనుకుంటున్నారు. కానీ ఈ అంగీ పని వేరు. మనిషికి కుట్ల మీద గాజుగుడ్డ పెట్టి ప్లాస్టర్ అంటిస్తారు. కుక్క దాన్ని పళ్లతో పీకేస్తుంది కాబట్టి ఒళ్లంతా పట్టి ఉండే గుడ్డ కావాలి. ఇది ఒక రకం కట్టు, అంతే.

కుక్కకు ఆపరేషన్ చేయించాలా వద్దా, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ చేయించాలి అని ఇళ్లలో వారాల తరబడి మాట్లాడుకుంటారు. ఆ తర్వాతి పది, పద్నాలుగు రోజుల గురించి ఎవరూ మాట్లాడరు. డాక్టరు పని గంటా రెండు గంటల్లో అయిపోతుంది. మన వరంగల్ మామునూరులో పశువైద్య కళాశాలే ఉంది, డాక్టర్లకు కొదవ లేదు. కుట్లు మానేదాకా కుక్కను కాచుకునే పని మాత్రం ఇంటిదే. ఆ పనికి ముందుగా సిద్ధం కాకుండా ఆపరేషన్ తేదీ ఖాయం చేయకూడదని నా అభిప్రాయం.

మా రాణి ఎనిమిదేళ్ల ఊరకుక్క. గర్భసంచికి చీము పడితే ఆపరేషన్ చేసి తీసేశారు. పిల్లల ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు, ముఖ్యంగా వయసు మళ్లాక, ఈ జబ్బు వస్తుంటుంది. ఎదకు వచ్చి పోయిన కొన్ని వారాలకు నీళ్లు ఎక్కువ తాగడం, తిండి మానేయడం, కింద నుంచి దుర్వాసనతో చీము కారడం కనిపిస్తే ఆగకూడదు. ఒక్కోసారి చీము బయటికి రాకుండా లోపలే నిండుతుంది, అది ఇంకా ప్రమాదం. అంత పెద్ద కోత తర్వాత రాణి తెలివి వచ్చి చేసిన మొదటి పని తల వంచి పొట్ట నాకబోవడం.

"నాకనీయ్ బిడ్డా, కుక్క నాకితే పుండు మానుతది" అన్నది మా అత్తమ్మ. మన పెద్దవాళ్లు చాలామంది ఇదే అంటారు. ముల్లు గుచ్చుకున్న చిన్న గీత మీద దుమ్ము పోవడానికి నాకడం పనికొస్తుందేమో గానీ, పొట్ట మీద కుట్లకు అది కీడే. నోట్లో ఉండే క్రిములు పుండులోకి చేరతాయి. గరుకు నాలుక చర్మాన్ని ఎప్పుడూ తడిగా, మెత్తగా ఉంచుతుంది. నాకీ నాకీ దురద పుడితే ముందు పళ్లతో దారం పట్టి లాగుతుంది. లోపలి కుట్లు కూడా తెగితే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కించాల్సిందే.

నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటా లాంటిది పెడతారు. నాలుగైదు వందల ఏళ్ల కింద ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి కాలంలో మెడ చుట్టూ కుచ్చుల పట్టీలు వేసుకునేవారట. చూడటానికి అట్లే ఉంటుందని దీన్ని ఎలిజబెత్ కాలర్ అంటారు. దాన్ని తీసిపారేయమని నేను చెప్పను. పుండు కాలి మీదో, చెవి మీదో, కంటి దగ్గరో ఉంటే కాలరే దిక్కు. గుడ్డను కొరికి మింగే కుక్కకు కూడా అదే కావాలి. కానీ పొట్ట మీద కోత అయినప్పుడు, ఇరుకు గదుల్లో తలుపుకీ మంచానికీ తగులుకుంటూ, గిన్నెలో మూతి పెట్టలేక తిండి మానేసే కుక్కకు గుడ్డ మేలు. డాక్టరును అడిగి, ఆయన సరేనంటేనే మార్చాలి.

బజారులో, ఆన్‌లైన్‌లో కుట్టినవి దొరుకుతాయి. చిన్న, మధ్య, పెద్ద అని కొలతలుంటాయి. మన ఊరకుక్క రొమ్ము లోతుగా, నడుము సన్నగా ఉంటుంది. రొమ్ముకు సరిపోయింది పొట్ట దగ్గర వేలాడుతుంది, అదే సందులోంచి మూతి దూరుస్తుంది. అందుకే ఇంట్లో కుట్టుకోవడమే మంచిదంటాను. మెడ చుట్టు, ముందు కాళ్ల వెనక రొమ్ము చుట్టు, మెడ నుంచి తోక మొదలు దాకా పొడవు, ఈ మూడు కొలతలు చాలు. ఆపరేషన్‌కు ముందే తీసుకోవాలి, తర్వాత ముట్టనివ్వదు. రాణికి పదేళ్ల పిల్లవాడి పాత నూలు టీషర్టు సరిపోయింది. టీషర్టు ముందు భాగం కుక్క వీపు మీదికి వచ్చేలా తల దూర్చి, చేతుల్లోంచి ముందు కాళ్లు తీయాలి. వదులున్న చోట రెండు పక్కలా కుట్టు వేసి బిగించాలి. పొట్ట వైపు అంచుకు రెండు వెడల్పాటి బొందులు కుట్టి, వెనక కాళ్ల మధ్య నుంచి తోకకు చెరో పక్కగా పైకి తెచ్చి వీపు మీద ముడి వేయాలి. ముడి ఎప్పుడూ వీపు మీదే ఉండాలి, నోరు అందదు. బయటికి తీసుకెళ్లేటప్పుడు ముడి విప్పి గుడ్డను ముందుకు మడిస్తే తడవదు.

మగకుక్కకైతే మూత్రం వచ్చే చోటు పొట్ట మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడ గుడ్డ కత్తిరించి అంచు మడిచి కుట్టాలి. లేకుంటే రోజంతా తడిగుడ్డే. గుండీలు, పిన్నీసులు, జిప్పులు, తళుకులు ఏవీ వద్దు, ఊడితే మింగేస్తుంది. ఎలాస్టిక్ కూడా వద్దు, చంకల్లో ఒరిపిడికి పుండ్లవుతాయి. గుడ్డకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. ఇలాంటివి కనీసం మూడు ఉండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఎండలో.

మన ఎండల సంగతీ చూసుకోవాలి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త పడుతుంది, మిగతా వేడి అంతా నాలుక చాపి రొప్పుతూ తగ్గించుకుంటుంది. మే నెలలో దానికి పాలిస్టర్ జెర్సీ తొడిగితే శిక్షే. పలచని నూలు బనియనే వేసి ఫ్యాన్ కింద పడుకోబెట్టాలి. ఎక్కువ రొప్పుతుంటే పక్కన మనిషి కూర్చుని కాసేపు విప్పాలి.

గుడ్డ తొడిగాం కదా అని నిశ్చింతగా ఉండడం అన్నింటికన్నా ప్రమాదం. గుడ్డ కింద ఏమవుతున్నదో పొద్దున, సాయంత్రం విప్పి చూడాలి. ఎరుపు పెరుగుతున్నా, వాపు వచ్చినా, చీమో వాసనో ఉన్నా, కుట్ల మధ్య సందు కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి. పసుపు, కొబ్బరినూనె, వేపాకు ముద్ద ఏదీ పెట్టొద్దు. మన డబ్బాలోని నొప్పి మాత్రలు అసలే ఇవ్వొద్దు, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కకు విషం. చేత్తో తాకి జ్వరమని తేల్చకండి. కుక్క ఒళ్లు మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

ఇంత పని ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. కాజీపేట రైల్వే ఊరు. రన్నింగ్ స్టాఫ్ ఇళ్లలో డ్యూటీకి వేళాపాళా ఉండదు, మా ఇల్లూ అంతే. "నువ్వు ఇంట్లోనే ఉంటవు కదా" అనే ఒక్క మాటతో అంతా ఇల్లాలి మీదికి వస్తుంది. కుక్కను తెద్దామని పట్టుబట్టేది పిల్లలు, ఆపరేషన్‌కు సరేననేది ఆయన, రెండు వారాలు రాత్రుళ్లు లేచి చూసేది మనం. నేను దానికి ఒప్పుకోలేదు. గుడ్డలు కుట్టింది నేను. ఉతికి ఎండేసింది పిల్లలు. ఇంట్లో ఉన్న రోజుల్లో రాత్రి కాపలా ఆయనది. నాకనీయమన్న అత్తమ్మే మధ్యాహ్నాలు పక్కన కూర్చుని, రాణి మూతి వంచినప్పుడల్లా "ఏయ్!" అన్నది. తేదీ ఖాయం చేసుకునే రోజే ఈ పంపకం మాట్లాడుకోవాలి. ఇంట్లో ఇంకెవరూ చేయలేమంటే, డాక్టరుకు ఆ సంగతి చెప్పి కొన్ని రోజులు అక్కడే ఉంచే వీలుందా అని అడగాలి. మీరొక్కరే మోస్తామని తల ఊపకండి.

వీధికుక్కలకు కూడా ఇలా కుట్టి తొడుగుదామా అని మంచి మనసుతో అడిగేవాళ్లున్నారు. వద్దు. తడిస్తే మార్చేవాళ్లుండరు, ముళ్లకంపకు తగులుకుంటే విడిపించేవాళ్లుండరు. వాటికి ఆపరేషన్ తర్వాత కోలుకునేదాకా కేంద్రంలోనే ఉంచి, పట్టుకొచ్చిన చోటే వదలాలి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల పద్ధతి అదే. పెంపుడు కుక్కల టీకాలు, పిల్లల ఆపరేషన్ యజమాని బాధ్యత అని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. వీధుల్లో కుక్కలు పెరిగాయని మున్సిపాలిటీని తిట్టే మనలో ఎందరం మన ఇంటి కుక్కకు ఆపరేషన్ చేయించాం? చేయించనివాళ్లలో చాలామంది చెప్పే కారణం ఖర్చు కాదు, "తర్వాత ఎవరు చూస్తరు?" అనే. ఆ భయం అబద్ధం కాదు. కానీ మూడు పాత బనియన్లు, ఒక కుట్టు మిషన్, పని పంచుకునే నలుగురు మనుషులు ఉంటే అది పద్నాలుగు రోజుల పని.

నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. వాళ్ల ఇంట్లో కుక్క ఉంటే మాత్రం, దానికి ఆపరేషన్ అయిందా అని ఒకసారి అడగండి. కాలేదంటే ఆ బొందులు ఎలా కుట్టాలో చూపించండి.