మిషన్ మార్చే ముందు లెక్క ఎవరిదో తేలాలి

బండి నిలిపే చోట రుసుము వసూలు చేసే మిషన్‌లో మూడు పనులు కలిసి ఉంటాయి. బండి ఎంతసేపు ఆగిందో చూసే గడియారం అదే, డబ్బు పడే హుండీ అదే, ఎంత పడిందో రాసి ఉంచే లెక్కపుస్తకమూ అదే. మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ పాతదాన్ని తీసి కొత్తది పెట్టేటప్పుడు ఈ మూడింటిలో తనకు కావలసింది ఏదో ముందు తేల్చుకోవాలి. చాలాచోట్ల అది తేలకుండానే టెండరు పిలుస్తారు.

మొదట పుట్టింది గడియారమే. 1935 జులై 16న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో తొలి పార్కింగ్ మీటరు పెట్టారు. దాని వెనక ఉన్నది కార్ల్ మగీ అనే పత్రికా సంపాదకుడు. బజారులో పనిచేసేవాళ్లు పొద్దున్నే కార్లు తెచ్చి దుకాణాల ముందు నిలిపి సాయంత్రం దాకా తీయకపోవడంతో కొనేవాళ్లకు చోటు దొరికేది కాదు. గంటకు 5 సెంట్లు వేయాలనేసరికి చోట్లు ఖాళీ అయ్యాయి. రాబడి తరవాతి సంగతి. మన దగ్గర గడియారం అవసరమైన సందర్భం తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన 63వ నంబరు జీవో. మాల్స్‌లో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితం. గంట లోపయితే ఏదో ఒక కొనుగోలు బిల్లు చూపితే చాలు. గంట దాటితే బిల్లు పార్కింగ్ రుసుముకు మించి ఉండాలి. ఇలాంటి చోట బండి లోపలికి వచ్చిన నిమిషం అచ్చుపడని చీటీ చెల్లదు.

నల్లమాడ లాంటి ఊరికి ఆ గడియారంతో పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లాలో ఒక మండల కేంద్రం ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే కరువుసీమలో మండల కేంద్రానికి వచ్చే బండి పని చూసుకుని పోతుంది, లేదా పొద్దంతా ఆగుతుంది. బజారులో చోటు కోసం కాచుకునే కార్ల వరస ఉండదు. పల్లె సంతల్లో రుసుము ఎప్పుడూ బండికింత, తట్టకింత, జీవానికింత అన్న లెక్కనే నడిచింది. దానికి జనం వాడే మాట ఆశీలు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో కూడా సంతల పక్కనే బండ్ల స్టాండ్ల ప్రస్తావన ఉంది. ఎద్దులబండి పోయి ఆటో, బొలేరో వచ్చినా పద్ధతి పాతదే.

ఇక హుండీ, లెక్కపుస్తకం. ఆశీలు వసూలును పంచాయతీలు ఎక్కువగా వేలం వేస్తాయి. మార్చిలో పాట పెడతారు, పాడుకున్నవాడు ఏడాది పొడుగునా వసూలు చేసుకుంటాడు. అంటే పంచాయతీకి రావలసింది పాట ముగిసిన రోజే ఖాయమైపోయింది. ఆ తరవాత గేటు దగ్గర ఎంత వసూలయినా అది గుత్తేదారు లెక్కే. గులాబీ రంగు చీటీలో సగం చించి బండివాడికి ఇచ్చి, మిగతా సగం కుట్టులో వదిలేసే పుస్తకం అతనిదే. దాని స్థానంలో చేతిమిషన్ పెట్టినా లెక్క ఆ మిషన్ యజమానికే తెలుస్తుంది. గుత్త అలాగే ఉంచి మిషన్ కొనడమంటే పక్కవాడి దుకాణానికి మన డబ్బుతో తక్కెడ కొనిపెట్టడమే.

పోనీ, పంచాయతీయే నేరుగా వసూలు చేయాలనుకుంటే ఏ మిషన్ సరిపోతుంది? బస్సు కండక్టరు చేతిలో ఉండే రకం మిషన్ చీటీకి సిరా ఉండదు. వేడి తగిలిన చోట ఆ కాగితమే నల్లబడుతుంది. ఏప్రిల్ ఎండలో బండి అద్దం వెనక పెట్టి వదిలేస్తే చీటీ మొత్తం నల్లబారి అంకెలు కలిసిపోవచ్చు. జేబులో దాచినా కొన్ని నెలలకు అక్షరాలు వెలిసిపోతాయి. ఆడిట్ నాటికి చూపడానికి అది పనికిరాదు, అసలు లెక్క మిషన్ లోపలో సర్వర్‌లోనో ఉండాలి. సర్వర్‌కు చేరాలంటే సిగ్నల్ కావాలి. బ్రిటన్‌లో 3జీ నెట్‌వర్కులు మూసేయడంతో, వాటి మీదే నడిచే పాత పార్కింగ్ మిషన్లను పలు స్థానిక సంస్థలు మార్చుకోవలసి వచ్చింది. మిషన్లు పాడవలేదు, కింద నేల కదిలిపోయింది.

ఫాస్టాగ్ మరో దారి. శంషాబాద్ విమానాశ్రయం పార్కింగ్‌లో 2019లోనే దాన్ని మొదలుపెట్టారు. తిరుమల కొండ ఎక్కే వాహనాలకు అలిపిరి దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి తప్పనిసరి చేశారు. కార్ల వరస ఉన్నచోట అది గొప్ప వసతి. సంతకు వచ్చేవాటిలో మోటారుసైకిలుకూ ఆటోకూ ఫాస్టాగ్ ఉండదు.

చిన్న ఊరికి అమరేది గేటు పక్కన అతికించిన క్యూఆర్ కోడ్ అట్ట. జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ 1994లో వాహనాల విడిభాగాల జాడ తెలుసుకోవడానికి తయారుచేసిన గుర్తు అది. 2016లో యూపీఐ వచ్చాక టీ బంకు దాకా పాకింది. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి నుంచి బ్యాంకు కోత కూడా లేదు. ఖర్చంతా అట్టకూ, పైన వేసే ప్లాస్టిక్ పొరకూ, కావాలంటే డబ్బు పడిందని చెప్పే సౌండ్ బాక్స్ అద్దెకూ. కోడ్ వెనక ఉండే ఖాతా మాత్రం పంచాయతీదే కావాలి, వసూలుకు కూర్చున్న మనిషిది కాకూడదు. అసలు కోడ్ మీద ఇంకొకరి కోడ్ అతికించే మోసాలున్నాయి కాబట్టి పొద్దున్నే ఒక రూపాయి పంపి చూసుకోవడం మంచిది. గొర్రెపిల్లను తోలుకొచ్చిన ముసలాయన దగ్గర ఫోను ఉండకపోవచ్చు. ఆయన కోసం చీటీ పుస్తకమూ చిల్లర డబ్బా అక్కడే ఉండాలి. రేట్ల బోర్డు తెలుగులో, గేటుకు బయటే ఉండాలి.

ఇలా ఒక్క ఏడాది నడిపితే ఏ వారం సంతకు ఎంత వచ్చింది, ఉగాది ముందు ఎంత పెరిగింది, శనక్కాయలు ఇంటికి చేరే రోజుల్లో ఎంత అన్నది పంచాయతీ కార్యదర్శి పాస్‌బుక్‌లోనే కనిపిస్తుంది. మరుసటి మార్చిలో మళ్లీ వేలానికే పోయినా, సర్కారు పాట ఎంత దగ్గర మొదలుపెట్టాలో పాడుకునేవాళ్లను అడగక్కర్లేదు.