హోసూరుపైని ఆకాశము

హోసూరు వద్ద 2,000 ఎకరములలో, సాలునకు 3 కోట్లమంది ప్రయాణికులకు సరిపోవు విమానాశ్రయమును నిర్మింతుమని తమిళనాడు ప్రభుత్వము 2024 జూనులో శాసనసభయందు ప్రకటించినది. నాటినుండి కృష్ణగిరి జిల్లాలో సాగిన వాదములు రైతుల భూములను గూర్చియు, బెంగుళూరు విమానాశ్రయమునకు 150 కిలోమీటర్లలోపల 2033 వరకు పోటీని వారించు ఒడంబడికను గూర్చియు మాత్రమే. అవి తర్కింపదగినవే. ఆకాశమున దారి యెవరు చూపుదురను ప్రశ్న మాత్రము వెనుకబడినది.

2022 జనవరి 7వ తేదీ యుదయమున బెంగుళూరులో జరిగినదేమి? ఉత్తరపు రన్‌వేనుండి విమానములు బయలుదేరుచు, దక్షిణపు దానిపై దిగుచుండెను. ఇక నొక్క రన్‌వేయే చాలునని షిఫ్టు అధికారి నిశ్చయించెను; ఆ మాట దక్షిణపు టవరునకు చేరలేదు. కలకత్తాకు, భువనేశ్వరమునకు పోవు రెండు ఇండిగో విమానములకు చెరియొక టవరునుండి ఇంచుమించు ఒకే సమయమున అనుమతి లభించినది. రెండును లేచి ఒకదానివైపొకటి సాగుచుండగా రాడారు అధికారి చూచి, దారులు మరల్చి, నాలుగువందల పైచిలుకు ప్రాణములు కాపాడెను. ఇంత జరిగియు నా సంగతి లాగ్ పుస్తకమున కెక్కలేదు! యంత్రములందు లోపము లేదు. ఒక గదిలోని నిర్ణయము మరియొక గదికి పోలేదు.

1996 నవంబరు 12న ఢిల్లీకి సమీపమున చర్ఖీ దాద్రీపై రెండు విమానములు ఢీకొని 349 మందియు మరణించిరి. 15,000 అడుగుల వద్ద నిలువవలసిన కజకిస్థాన్ విమానము ఇంకను దిగుటయే కారణమని లహోటీ విచారణ తేల్చినది. కాని వచ్చుదారియు పోవుదారియు నొకటే. నాటి రాడారు ఎత్తును చూపజాలదు. ఆ పిమ్మటనే దారులు వేరయినవి, ఢీనివారక యంత్రము విధిగా నేర్పడినది. ఆ యంత్రమైనను నేలకు వేయి అడుగులలోపల తప్పుకొను ఆజ్ఞ నీయదు. 2025 జనవరిలో వాషింగ్టను విమానాశ్రయము చెంత 67 మంది మరణించినది అంతకంటె తక్కువ ఎత్తుననే.

బెంగుళూరు చుట్టు దేవనహళ్ళి, యెలహంక వాయుసేన స్థావరము, హెచ్.ఎ.ఎల్. విమానక్షేత్రము, బెలగొండపల్లిలో నొక ప్రైవేటు రన్‌వే యిదివరకే కలవు. ఒకే యాజమాన్యము క్రింది రెండు టవరులే మాటాడుకొననప్పుడు, రక్షణశాఖయు పౌరవిమానశాఖయు రెండు రాష్ట్రములును ఎట్లు మాటాడుకొనును? భూసేకరణ రాష్ట్రము చేతిలోనిది. విమానయానము రాజ్యాంగముచే కేంద్రమునకు చెందినది. జిల్లా కలెక్టరు ప్రకటనలు హెచ్.ఎ.ఎల్. గగనతలమును అడుగైనను జరుపజాలవు. కావున రైతునుండి భూమి పుచ్చుకొనుటకు ముందే, ఏ యెత్తున నెవరి విమానము పోవునో, ఎవరి యాజ్ఞ చెల్లునో తెలుపు పటమును కేంద్రము ప్రకటింపవలెను.