కందిరీగల తుట్టెకు నిప్పు పెట్టే ముందు ఒక మాట



షుగరు, బీపీ, టీబీ గురించి ఈ పత్రికలో చాలాసార్లు వ్రాసుకున్నాము. ఈసారి ఇంటి పెరటిలో, చర్చి ఆవరణలో, చేను గట్టు మీద వేలాడే కందిరీగల తుట్టె గురించి వ్రాయాలనుకున్నాము. ఇది కూడా ఆరోగ్య పత్రికలో వ్రాయవలసిన విషయమేనా అని కొందరు నవ్వవచ్చు. మామిడి కోతల కాలంలో కొల్లాపూర్ తోటల నుండి, పత్తి క్రాసింగ్ కాలంలో గద్వాల సీడ్ చేల నుండి, తాటిచెట్లెక్కే గీత కార్మికుల ఇళ్ళ నుండి "ఈగ కుట్టింది సిస్టరమ్మా" అంటూ వచ్చేవారిని చూసినవారు మాత్రం నవ్వరు.

ముందుగా మా తప్పు చెప్పుకుంటాము. కొన్ని సంవత్సరముల క్రితము మన ఆసుపత్రి తోటలో, రోగుల బంధువులు కూర్చునే చోటికి దగ్గరలోనే, గుబురుగా పెరిగిన కాగితపు పూల చెట్టులో తుట్టె కట్టింది. తోటమాలి వచ్చి, "దినాం ఆడనే నీళ్ళు పోస్తున్న సిస్టరమ్మా, నన్ను ఏమనలే. జర ఆగుండ్రి, రాత్రి చూద్దాం" అన్నాడు. మేము వినలేదు. ఆసుపత్రిలో ఈగలేమిటి, వెంటనే తీసేయమన్నాము. పగలు పదకొండు గంటలకు పొడుగు కర్రతో కొట్టించాము. క్షణంలో తోటంతా అరుపులు. ఐదుగురిని కుట్టాయి. అందులో నెలల పరీక్ష కోసం వచ్చిన గర్భిణి కూడా ఉన్నది. ప్రభువు కృపవలన ఎవరికీ ప్రాణాపాయము కలుగలేదు. కాని చదువుకున్నవాళ్ళము మేము తొందరపడితే, చదువురాని తోటమాలి సరిగ్గా చెప్పాడు. ఆ రోజు నుండి ఈ విషయంలో మా అభిప్రాయము మారింది.

తుట్టె కనబడగానే కిరోసిన్ గుడ్డ చుట్టి కాల్చడం మన ఊళ్ళలో అలవాటు. ఇది మానాలని మా మనవి. కాల్చేవాడు కింద నిలబడతాడు, మండే చుక్కలు వాని చేతుల మీద, ముఖము మీద పడతాయి. గడ్డివాము, పూరిపాక, ఎండిన ఆకులు పక్కనే ఉంటాయి. తప్పించుకున్న ఈగలు దారిన పోయే పిల్లల మీద పడతాయి. ఈగ కుట్టినందుకు ఒక్క రోజు ఉండి వెళ్ళేవాడు, కాలిన గాయాలకు నెలల తరబడి కట్లు కట్టించుకోవలసి వస్తుంది. కట్లు కట్టేది మేమే కాబట్టి ఆ బాధ మాకు తెలుసు.

అసలు కందిరీగ ఎందుకు కుడుతుంది? కుట్టేవి ఆడ ఈగలు మాత్రమే. వాటి ముల్లు గ్రుడ్లు పెట్టే అవయవము నుండి మారి వచ్చినది. తేనెటీగ ముల్లుకు కొక్కెములవంటి పళ్ళు ఉంటాయి. అది మన చర్మంలోనే ఇరుక్కుపోయి, ఈగ చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు నునుపు, అందుకే ఒకే ఈగ మళ్ళీ మళ్ళీ కుట్టగలదు. ఆ విషంతోపాటు గాలిలోకి వచ్చే వాసన తక్కిన ఈగలకు హెచ్చరికలాంటిది. అందుకే తుట్టె దగ్గర ఒక్కదానిని నలిపితే పదిమంది చుట్టాలు వచ్చినట్టు వస్తాయి. తేనెతుట్టెను కదిపినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

రాణి ఈగను చంపితే అన్నీ పోతాయనే నమ్మకము కూడా సరికాదు. బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థలో ఆచార్య రాఘవేంద్ర గదగ్కర్ మన దేశపు కందిరీగల మీద దశాబ్దాలపాటు పరిశోధన చేశారు. ఆయన పరిశీలించిన జాతిలో రాణిని తీసివేస్తే, తక్కినవాటిలో ఒకటి వెంటనే ఆ స్థానానికి వస్తుంది, తుట్టె నడుస్తూనే ఉంటుంది.

వీటివలన మేలు లేదా అంటే, ఉన్నది. కందిరీగలు తమ పిల్లలకు పచ్చపురుగులను పట్టి మేపుతాయి. పత్తి, వేరుశనగ, కూరగాయలు పండించేవారికి ఆ మేలు తెలియకుండానే అందుతుంది. మేడిపండు విప్పితే కనిపించే చిన్న పురుగులు కూడా కందిరీగ జాతివే. అవి లేకపోతే మేడికి, మర్రికి, రావికి గింజ కట్టదు. గోడ మూలల మట్టితో చిన్న కుండలవంటి గూళ్ళు కట్టే ఒంటరి ఈగ అయితే దాదాపు ఎవరినీ కుట్టదు. దానిని చూసి భయపడనక్కరలేదు.

మరి తుట్టె కనబడితే ఏమి చేయాలి? మా అభిప్రాయము ఇది.

మనుషులు తిరగని ఎత్తైన కొమ్మ మీద ఉంటే దానిని వదిలేయండి. చుట్టూ నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, పిల్లలకు చెప్పండి. రాళ్ళు వేయకుండా చూడండి.

వాకిలి పైన, బడి కిటికీలో, బోరింగు దగ్గర, చర్చి తలుపు దగ్గర ఉంటే తీయించక తప్పదు. అప్పుడు పగలు కాకుండా, అన్నీ గూటికి చేరిన తరువాత, చీకటి పడ్డాక తీయించండి. అలవాటున్న మనిషిని పిలవండి. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, ముఖానికి వల ఉండాలి. దీపాన్ని చేతిలో పట్టుకోకూడదు, ఈగలు వెలుగు మీదికే వస్తాయి. ఆ వాకిట్లో ఉండే ముసలివారిని, పిల్లలను ముందే దూరం పంపాలి. ఇంతకు ముందు ఈగ కుట్టి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినవారు, ఆయాసము ఉన్నవారు ఈ పనికి అసలే పోకూడదు. చేలకు కొట్టే పురుగుమందు తెచ్చి ఇంటి ముందు, నీళ్ళ తొట్టి దగ్గర కొట్టకండి. ఈగలకన్నా ఆ మందే ఎక్కువ ప్రమాదము.

అన్నిటికంటే సులువైనది ముందుగా చూసుకోవడము. కొత్తగా కడుతున్నప్పుడు తుట్టెలో నాలుగైదు గదులు, ఒకటి రెండు ఈగలే ఉంటాయి. వారానికొకసారి చూరు కింద, స్నానాల గది మూలన, పాత పెట్టెల వెనుక చూసుకుంటే సాయంత్రం పూట పొడుగు చీపురుతోనే పని అయిపోతుంది. పునరుత్థాన పండుగకు ముందు సమాధుల తోటలో గడ్డి కోసే యౌవనస్థులు, క్రిస్మసుకు చెట్లకు లైట్లు కట్టేవారు మొదట చెట్టు పైకి చూసి తరువాత కొడవలి, నిచ్చెన తీయాలి. సంఘ పెద్దలు ఈ మాట ఆదివారము ప్రకటనలలో చెబితే సంతోషిస్తాము.

నల్లమలలో, అమ్రాబాద్ వైపు చెంచు సోదరులు కొండ చరియల నుండి తేనె తీసే విధానము చూడండి. వారు పొగపెట్టి ఈగలను తప్పిస్తారు. తాడు మీద దిగినవానికి పైన తాడు పట్టుకునేవాడు బావమరిదే అయి ఉండాలని వారి వాడుక అంటారు. అక్క కాపురము తన చేతిలో ఉన్నదని వాడు తాడు వదలడు. మనము పోకిరి పిల్లల ధైర్యము మీద వదిలేసే పనిని వారు ఎంత జాగ్రత్తగా చేస్తారో ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. కుట్టిన తరువాత ఏమి చేస్తున్నాము?

సున్నము రాస్తున్నాము, ఇనుప ముక్కతో రుద్దుతున్నాము, మట్టి పూస్తున్నాము, కిరోసిన్ పోస్తున్నాము. సున్నము చర్మాన్ని కాలుస్తుంది. మట్టితో ధనుర్వాతము రావచ్చు. ఎక్కువమందికి ఒకటి రెండు ఈగలు కుడితే నొప్పి, వాపు తప్ప ఏమీ కాదు, ఏమి రాసినా రాయకపోయినా తగ్గుతుంది. అందుకే "సున్నముతో తగ్గింది" అనే నమ్మకము నిలిచిపోయింది. సబ్బుతో కడిగి, చల్లని నీళ్ళ గుడ్డ వేసి, వేలికి ఉంగరము, చేతికి గాజులు ఉంటే వాపు రాకముందే తీసేయడము చాలు. తేనెటీగ ముల్లు కనబడితే గోటితోనైనా సరే వెంటనే తీయండి. ఎలా తీశామన్నదానికన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యము.

కాని కొందరి శరీరము ఆ విషాన్ని తట్టుకోలేదు. కుట్టిన కొద్ది నిమిషాలలోనే ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు నాలుక వాపు, గొంతు బొంగురుపోవడము, ఆయాసము, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవడము మొదలవుతాయి. ఒక్క ఈగ కుట్టినా ఇది రావచ్చు. దీనికి మందు అడ్రినలిన్ సూది. తొడ బయటి వైపు కండకు వేస్తాము. ఎలర్జీ మాత్ర, ఎలర్జీ సూది దురదను తగ్గిస్తాయి గాని, పడిపోతున్న బీపీని, మూసుకుపోతున్న గొంతును ఆపలేవు. అవి వేయించి "ఇక ఫరవాలేదు" అని ఇంట్లో పడుకోబెట్టకండి.

మా కళ్ళ ముందు జరిగిన రెండు సంగతులు మరువలేము. సీడ్ పత్తి చేనులో పనిచేసే ఒక అమ్మాయిని, కుట్టిన పావుగంటలో మేస్త్రి బండి మీద తెచ్చాడు. పెదవులు వాచి, మాట రావడము లేదు. సూది వేశాము, మళ్ళీ ఒకసారి వేయవలసి వచ్చింది. మరుసటి రోజు తెల్లవారేసరికి లేచి కూర్చుని చాయ్ అడిగింది. ఇంకొక సందర్భములో మామిడి తోటలో కుట్టిన ఒక కుటుంబ పెద్దను గంటన్నర తరువాత తెచ్చారు. కుట్టినవి మూడు నాలుగు చోట్లే. ఒంటి నిండా సున్నము. ముందు మంత్రము వేయించారు, తరువాత ఇంటి దగ్గర ప్రార్థన పెట్టించారు, ఆ తరువాత ఆటో కోసం చూశారు. మా గేటు దగ్గరికి వచ్చేసరికే నాడి అందలేదు. అతని భార్య, "చిన్న ఈగే గదా అమ్మా" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ప్రార్థనను మేము తక్కువ చేయడము లేదు. ప్రార్థనతోనే మా డ్యూటీ మొదలవుతుంది. కాని ప్రార్థన చేస్తూ బండెక్కండి, ప్రార్థన అయ్యాక బండి వెదకకండి. ఈగ కుట్టడము ఎవరి పాపానికో శిక్ష అని కూడా అనకండి. నిర్గమకాండము 23వ అధ్యాయములో, ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయములో, యెహోషువ 24వ అధ్యాయములో పెద్ద కందిరీగల ప్రస్తావన ఉన్నమాట నిజమే. దానిని పట్టుకొని మంచము మీద ఉన్న మనిషికి తీర్పు చెప్పడము మన పని కాదు. ఆ మనిషిని త్వరగా ఆసుపత్రికి చేర్చడమే మన పని.

మా ఆసుపత్రికే రండి అని కూడా మేము అనము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ ఈ రోజు మన ఊళ్ళకు వస్తున్నది. 2016లో మన మూడు పట్టణాలు జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఏది దగ్గరైతే అక్కడికే వెళ్ళండి. దారిలో మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి, ఆయాసము ఉంటే ఆనించి కూర్చోబెట్టండి. బాగుందనిపించినా లేపి నడిపించకండి. గొంతులోపల, నోటిలో కుడితే ఏ లక్షణము లేకపోయినా రండి.

ఒంటి మీద పది పదిహేను చోట్ల కుట్టి ఉంటే, పిల్లలకైతే అంతకన్నా తక్కువైనా, ఎలర్జీ లేకున్నా ఆసుపత్రిలో చూపించాలి. విషము ఎక్కువైతే కండరాలు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఒకటి రెండు రోజుల తరువాత మూత్రము డికాషన్ రంగులో వచ్చినా, తక్కువగా వచ్చినా ఆలస్యము చేయకండి.

చివరిగా ఒక విన్నపము. అడ్రినలిన్ ఖరీదైన మందు కాదు. ప్రతి ఆరోగ్య ఉపకేంద్రములో, ఊరి వైద్యుని సంచిలో, పెద్ద తోటల దగ్గరి క్లినిక్కులో అది ఉండాలని, వేయడము తెలిసినవారు ఉండాలని మా అభిప్రాయము. ఉన్నచోట కూడా తేదీ దాటిందా, గోధుమ రంగుకు మారిందా అని నెలకొకసారి చూడాలి. మీ ఊరి నర్సమ్మను కలిసినప్పుడు "అమ్మా, ఆ సూది మన దగ్గర ఉన్నదా?" అని మర్యాదగా అడగండి. ఆమె తప్పుగా అనుకోదు. నలుగురు అడిగితే తెప్పించడము ఆమెకూ సులువు అవుతుంది.

మన తోటలో ఇప్పుడు కూడా ఒక తుట్టె ఉన్నది, ప్రహరీ పక్క వేపచెట్టు మీద, ఎత్తులో. చుట్టూ తాడు కట్టించాము. తోటమాలిని అడిగే కట్టించాము. ఓ.పి.కి వచ్చినప్పుడు దూరము నుండి చూడండి, పిల్లలకు చూపించండి, రాయి మాత్రము వేయనివ్వకండి.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను కాపాడును గాక.