లెక్కకు అందని చదువులు

ఇటీవల సూరత్ వెళ్లినప్పుడు లింబాయత్ ప్రాంతంలో ఒక పద్మశాలి కుటుంబాన్ని కలుసుకున్నాను. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలసవెళ్లి స్థిరపడిన తెలుగువారు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. ఇంటి యజమాని 30 ఏళ్లు సాంచాల మీద పనిచేసి కుమారుణ్ణి ఇంజనీరింగు చదివించాడు. పై చదువు అప్పు కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టబోతున్నాడు.

"మావోడు కెనడా అనుకున్నడు సార్. ఆడ తలుపులు మూసిండ్రట. ఇప్పుడు జర్మనీ అంటున్నడు."

ఏం చదువుతాడని అడిగాను. "ఏదో ఒకటి. ముందు వీసా రావాలె గద!"

విషయమంతా ఈ మాటలోనే ఉంది. దేశాన్ని ఎన్నుకొంటున్నది విద్య కాదు, వీసా. 2024 జనవరిలో కెనడా విద్యార్థి పర్మిట్లకు పరిమితి విధించింది. అదే నెల నుంచి బ్రిటన్, పరిశోధనేతర కోర్సులలో చేరేవారు కుటుంబాన్ని వెంట తెచ్చుకోరాదన్నది. 2025లో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. ఒక తలుపు మూసుకుంటే మన యువకులు మరొక తలుపు తట్టుతున్నారు.

వారిని నిందించి ప్రయోజనం లేదు. అప్పు తీర్చవలసినవాడు ఉద్యోగం దొరికే దేశాన్ని వెతుక్కోవడం సహజం. సంజాయిషీ చెప్పవలసింది ఢిల్లీ. చదువుల కోసం 2023లో దాదాపు 9 లక్షల మంది, 2024లో సుమారు 7.6 లక్షల మంది విదేశాలకు వెళ్లారని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఈ లెక్కకు ఆధారం, ప్రయాణికుడు ఇమ్మిగ్రేషన్ అధికారికి చెప్పిన మాట, లేదా చూపిన వీసా! ఏ కోర్సుకు వెళ్లారు, ఎంత అప్పు చేశారు, ఎందరు తిరిగివచ్చారు అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. 2022లో యుద్ధం వచ్చి వేలాది వైద్యవిద్యార్థులను విమానాలలో వెనక్కు తేవలసి వచ్చేదాకా, ఉక్రెయిన్‌లో మనవారు అంతమంది ఉన్నారని దేశంలో చాలామందికి తెలియనే తెలియదు.

మరొక వింత. గల్ఫ్‌కు కూలీని పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదు కావాలి. లక్షల అప్పుతో విద్యార్థిని పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. కూలీకి ఉన్నపాటి రక్షణైనా విద్యార్థికి ఉండనక్కరలేదా? కన్సల్టెన్సీలను నమోదు చేయడం, విద్యాసంస్థల నుంచి అవి తీసుకునే కమీషన్‌ను తల్లిదండ్రులకు వెల్లడింపజేయడం అసాధ్యమైన పనులు కావు.

ప్రతి సమావేశాలలోను మన ఎంపీలు "ఎందరు వెళ్లారు?" అని అడుగుతున్నారు, అంకె అందుకొని కూర్చుంటున్నారు. ఈసారైనా రెండవ ప్రశ్న అడగాలి. లింబాయత్‌లోని ఆ ఇంటి కాగితాలు బ్యాంకుకు చేరకముందే అడిగితే మరీ మంచిది.